చెంచాకు నలభై

దస్తగిరి అకామాలో, అంటే సౌదీ నివాస కార్డులో, వృత్తి అన్నచోట 'సరుకు మోసే కూలీ' అని ఉంది. పన్నెండేళ్లుగా అతడు చేస్తున్నది వంట. వీసా తీసిన ఏడాది వంటవాడి కోటా లేకపోవడంతో వీసాకు పూచీ ఉన్న యజమాని, కఫీల్, అలా రాయించాడు. తరువాత మారుద్దామన్నాడు, మార్చలేదు. రాసిన పని కాక మరో పని చేస్తూ తనిఖీకి దొరికితే ఇంటికి పంపించేస్తారన్న భయంలోంచి, జిద్దాలో షరఫియాకు రెండు వీధుల అవతలి ఆ తుర్కీ హోటల్ వంటగదిలో ఒక ఆచారం పుట్టింది. కొత్త మనిషి తలుపు దగ్గర కనిపిస్తే దస్తగిరి పిండి వదిలి ఉల్లిపాయల మూట భుజానికెత్తుకునేవాడు. ఆ మనిషి వెళ్లేదాకా దించేవాడు కాదు.

రాయచోటి నుంచి వచ్చిన అతడికి మంతి చేయడం నేర్పినవాడు ఇస్మెత్ ఉస్తా, తుర్కీలోని కైసెరీ నుంచి వచ్చిన ముసలి వంటగాడు. ఉస్తా అంటే పనిలో గురువు. మంతి అంటే శనగగింజంత పిండి పొట్లం. లోపల కీమా, పైన వెల్లుల్లి పెరుగు, ఎర్రమిరప వేసి కాచిన వెన్న. ఉస్తా ఊరివాళ్ల లెక్కలో ఒక్క చెంచాకు నలభై పట్టాలి. ఆ లెక్క అందుకోవడానికి దస్తగిరికి ఆరేళ్లు పట్టింది. ఉస్తా మాత్రం ఒక్కనాడూ బాగుందనలేదు. అందుకు, ఆ హోటల్లో రోజూ తినే నేను ఆయనను తప్పుపట్టను. చౌకగా దొరికే మెప్పు పనిని చెడగొడుతుంది. ఎన్నడూ దొరకని మెప్పు మనిషినేం చేస్తుందో అప్పటికి నేను ఆలోచించలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం తాయిఫ్ నుంచి కుటుంబంతో వచ్చిన సౌదీ పెద్దమనిషి పళ్లెం చూసి నవ్వాడు.

"దీన్ని మేం మంతూ అంటాం, ఇది మాది, ఉస్తా. బుఖారా నుంచి హజ్జుకొచ్చి మక్కాలో నిలిచిపోయిన మా ముత్తాతలు తెచ్చారు. మీరు దాన్ని చిన్నది చేసి పేరు కొట్టేశారు."

గల్లా దగ్గర కూర్చున్న సిరియా మనిషి అబూ సమీర్ ఊరుకోలేదు. "ఇద్దరూ తగ్గండి. మా అమ్మ దీన్ని పెరుగులోనే ఉడికించేది. మీ ఇద్దరూ మా వంటింటి కిటికీలోంచి చూసి నేర్చుకున్నవాళ్లే."

"మీ అమ్మ చేసింది ఒంటె గొంతులో కూడా దిగదు!" అన్నాడు ఉస్తా. "చెంచాకు నలభై పట్టించమను, ఈ గరిటె ఆమె చేతికిచ్చి వెళ్లిపోతాను."

"నీ చేతులు వణుకుతున్నాయి ముసలాయనా, ఇవి నువ్వు చేశావంటే ఎవరు నమ్ముతారు?" అని సౌదీ కవ్వించాడు.

ఉస్తా వంటగది వైపు తిరిగాడు. "దస్తగిరీ, ఇలా రా! నా చెయ్యి కాదయ్యా, ఈ హిందీవాడి చెయ్యి. కైసెరీలో కూడా ఇట్లాంటిది లేదు." అక్కడ హిందీ అంటే ఇండియావాడు.

లోపల గిన్నెలు తోముతున్న ఓబులయ్య దస్తగిరి మోచెయ్యి పట్టుకున్నాడు. "పోవాకు మామా. మూటెత్తుకో. అందురూ సెల్లులు పట్టుకోనుండారు."

"పన్నెండేండ్లకు ఒక్క మాట అన్యాడబ్బీ. ఇనపళ్యా నీకు?"

"ఇనపడింది. ఆ మాటతోనే ఇమానమెక్కుతావు."

దస్తగిరి చెయ్యి విడిపించుకుని వెళ్లాడు. అందరి ముందూ చెంచాలో నలభై పేర్చాడు. "సరే, ఇది మీదీ కాదు, మాదీ కాదు, హిందీవాళ్లది!" అని సౌదీ తీర్పు చెప్పగా హోటలంతా నవ్వింది. ఎవరో ఫోనులో తీసి నెట్‌లో పెట్టిన వీడియో కింద మూడు దేశాలవాళ్లు, మంతి ఎవరిదని, సరదాగానే వాదించుకున్నారు.

ఐదో రోజు తనిఖీవాళ్లు వచ్చారు. దస్తగిరి మూట ఎత్తుకున్నాడు. పడుచు అధికారి తన ఫోను అతడి ముఖానికెదురుగా పెట్టాడు.

"ఇది నువ్వే కదా? వంటవాడివా? లేక ఎవరో చేసినవి తెచ్చి చూపించావా?"

ఆ రెండో ప్రశ్నలో కొంత దయ ఉంది. "చేసింది నేను" అన్నాడు ఉస్తా, నేల చూస్తూ. ఇక దస్తగిరి చెప్పవలసినది ఒక్కటే.

"మూటలు మోస్తాను సార్. వంట రాదు."

అధికారి అలాగే రాసుకుని, హెచ్చరించి వెళ్లాడు. కాగితాన్ని దిద్దడం కంటే మనిషిని దిద్దడం తేలికని కఫీల్‌కు తోచింది. వారం తిరక్కుండా దస్తగిరిని తూర్పు తీరాన ఖతీఫ్‌లో ఉన్న తన తమ్ముడి చేపల గిడ్డంగికి పంపాడు. అక్కడ అతడు ఐసు పెట్టెలు మోస్తున్నాడు. నిజానికి ఇప్పుడు అకామాలో అబద్ధమేమీ లేదు.

రెండు నెలలకు ఓబులయ్య ఫోను చేశాడు. "మామా, ఉస్తా అడగమన్యాడు. ఈ ఎండకు పిండి ఎంతసేపు నాననియ్యాల? ఆయప్పకు కుదర్లేదు, ఊరికే తెగిపోతాంది."

గిడ్డంగిలో దస్తగిరి తప్ప మరెవరూ లేరు.

"నాకేం తెలుసబ్బీ."

"మామా, నేను ఓబులయ్యను. ఇంగెవురూ ఇంటల్యా."

"తెలుసులే" అని దస్తగిరి ఫోను పెట్టేశాడు.