పద్మక్క కాగితపు గుజ్జు బొమ్మ

నిన్న పొద్దున తెలంగాణ బంద్‌లో ఉన్నాను. జగిత్యాలలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నాం. ఫోన్ మోగింది. కోరుట్ల నుంచి పద్మక్క బిడ్డ సరిత.

"మామా, అమ్మ లేస్తలేదు" అన్నది.

నాకు అర్థం కాలేదు. ముఖం మీద నీళ్లు చల్లమన్నాను. నిజంగా అలాగే అన్నాను.

పక్కింటాయన ఫోన్ తీసుకొని చెప్పాడు. హార్ట్ అటాక్ అట. నిద్రలోనే.

పద్మక్క మా పెద్దమ్మ బిడ్డ. నాకు సొంత అక్కకన్నా ఎక్కువ. యాభై కూడా నిండలేదు.

బైక్ మీద బయల్దేరితే ఊరూరా రోడ్డుకు అడ్డంగా రాళ్లు, ముళ్లకంప. మావాళ్లు పెట్టినవే. ప్రతిచోటా దిగి, అక్క చనిపోయింది పోనీయండన్నా అని బతిమాలుకున్నాను. ఇన్నాళ్లూ నేను ఎంతమందిని ఇలా ఆపానో గుర్తొచ్చింది. సిగ్గేసింది.

అక్క గురించి తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను.

బావ తొందరగా పోతే బీడీలు చేసి ఇద్దరు పిల్లల్ని పెంచింది. పెద్దవాడు వినయ్, చిన్నది సరిత.

రెండేళ్ల కింద వినయ్ పోయాడు. డిగ్రీ ఫైనల్ ఇయర్. జగిత్యాలలో తెలంగాణ మీటింగ్ అయ్యాక కోరుట్లకు బండి మీద తిరిగి వెళ్తుంటే లారీ గుద్దింది.

ఆ మీటింగ్‌కు రమ్మని ఫోన్ చేసింది నేనే.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మూడు నెలలు బీడీల చాట ముట్టలేదు. తర్వాత ఒకరోజు వెళ్తే ముందర గదిలో కింద కూర్చొని, నానబెట్టిన పేపర్లను మెంతులతో కలిపి రుబ్బుతోంది. మన ఇళ్లల్లో పాత గంపలకు పూస్తారే, ఆ గుజ్జు. కానీ అక్క ముందు గంప లేదు. కట్టెలు, వినయ్ పాత సైకిల్ చువ్వలు కలిపి తీగతో కట్టిన ఏదో ఆకారం ఉంది.

"ఏం చేస్తున్నవక్కా?"

"నాకేం ఎర్క తమ్మీ. చేతులు చేసుకుంట పోతున్నయ్. నేను సూస్తున్న."

అంతే. డ్రాయింగ్ లేదు, ప్లాన్ లేదు. ఇవాళ భుజం అనుకున్నది రేపటికి మోకాలయ్యేది. నచ్చకపోతే తడిపి పీకేసి మళ్లీ మొదలు.

సరిత ఆ గదికి "అమ్మ స్టూడియో" అని పేరు పెట్టింది. వాడకట్టోళ్లు మాత్రం మతి తప్పిందన్నారు. నేను కూడా డాక్టర్‌కు చూపిద్దామన్నాను.

"సూపియ్యి. గని గంతలోపట నాకు పాత పేపర్లు తే" అన్నది.

అప్పట్నుంచి నా డ్యూటీ అదే. సిరిసిల్లలో మీటింగ్ ఉన్నప్పుడల్లా మగ్గాల దగ్గర నూలు చుట్టే ఖాళీ కండెలు, వేస్ట్ దారం అడిగి తెచ్చేవాణ్ణి. కండెలు ఆ బొమ్మకు వేళ్లయ్యాయి.

ఒకసారి వినయ్ ఫొటో వేసిన ఫ్లెక్సీ తీసుకెళ్లాను. సంతోషపడుతుందనుకున్నాను, బుద్ధి లేక. దాని మీద గుజ్జు పూసి చూసింది. జారిపోయింది.

"ఇది నీళ్లు తాగది తమ్మీ. అతుకది. తీస్కపో."

ఇప్పుడు రాసేది నేను ఎవరికీ చెప్పని విషయం.

వినయ్‌కు ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. స్లోగన్లు, వాడు కట్టిన పాటలు, మధ్యలో వాడి సొంత గోల, అన్నీ బ్లూ ఇంకుతో. వాడు పోయాక స్పీచ్‌లకు పనికొస్తుందని నా దగ్గరే ఉంచుకున్నాను.

వెళ్లినప్పుడల్లా అక్క అడిగేది. "ఆని బుక్కు ఇయ్యరాదు తమ్మీ. సదువ రాకున్నా సూసుకుంట."

రేపిస్తా అనేవాణ్ణి. వచ్చే వారం అనేవాణ్ణి.

పోయిన ఎండాకాలం మా దీక్షా టెంట్ ఖాళీ చేస్తూ పాత పాంప్లెట్లు, పేపర్లు ఒక సంచిలో కుక్కి అక్క ఇంట్లో పడేసి వచ్చాను. రెండు రోజుల తర్వాత, టెంట్‌లో స్పీచ్ కాగితాల మధ్య పెట్టిన నోట్‌బుక్ వెతికితే లేదు. అదీ ఆ సంచిలోనే పోయింది.

కోరుట్లకు పరుగెత్తాను. సంచి ఖాళీ. పేపర్లు నానేసిన గోలెంలో నీళ్లు నీలంగా ఉన్నాయి. అక్క బొమ్మ వీపుకు గుజ్జు పూస్తోంది.

చెప్పలేకపోయాను. ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

కొడుకును తల్లికి లేకుండా చేసింది చాలదని, వాడి రాతను ఆ తల్లి చేతులతోనే రుబ్బించాను. ఇంతకన్నా నీచం ఏముంటుంది?

ఆ తర్వాత అక్క నోట్‌బుక్ మాటే ఎత్తలేదు. మర్చిపోయిందనుకున్నాను. అలా అనుకోవడం నాకు అవసరం కాబట్టి అనుకున్నాను.

నిన్న సాయంత్రం దహనం అయ్యాక పెద్దమనుషులు బొమ్మ సంగతి తీశారు. కూర్చున్న మనిషి బొమ్మ. ముఖం లేదు. అక్క ముఖం జోలికే పోలేదు.

"మొఖం లేని బొమ్మ ఇంట్ల ఉండొద్దు. కాష్టంల బొక్కలతోని ధర్మపురి తీస్కపోయి గోదారి గంగల కలుపుదాం" అన్నారు.

ఇక ఆగలేకపోయాను. సరితను పక్కకు పిలిచి మొత్తం చెప్పేశాను. నోట్‌బుక్ ఆ బొమ్మలోనే ఉందని. తప్పంతా నాదేనని.

అది చున్నీతో ముఖం తుడుచుకుంది.

"అమ్మకు ఎర్కే మామా. నీళ్లల్ల ఇంకు దిగుతుంటె సూసింది. తీసి ఆరబెడ్దమంటె కాయితాలు చేతికే రాలే. పొద్దుమూకులు ఏడ్సింది. ఇగ గా కాయితాలే వేరంగ రుబ్బి వీపుకు పెట్టింది."

"మరి నన్నెందుకు ఏమనలే?"

"నేను గూడ గదే అడిగిన. 'ఆనికి చెప్పకు బిడ్డా. తెలిస్తె సిగ్గుకు మల్ల మనింటికి రాడు. కొడుకెట్లాగూ రాడు, తమ్ముడన్న రానీ' అన్నది."

ఆరు నెలలు అక్క ముందు కూర్చొని చాయ్ తాగాను. నేను దాస్తున్నాననుకున్నాను. దాచింది తను.

బొమ్మ ఎక్కడికీ పోదని పెద్దమనుషులకు సరితే చెప్పింది. మూడోనాడు గంగకు అక్క ఒక్కతే పోతుంది.

తప్పు చేశానక్కా. నీకు చెప్పాల్సింది, నువ్వు పోయాక అందరికీ చెబుతున్నాను.

పోయిరా పద్మక్కా. ఇకనైనా నీ చేతులకు నిమ్మళం దొరకాలి.