సూరమ్మ అల్లని వలలు

కొల్లేటి లంకల్లో వల అంటే సూరమ్మ అల్లిందే. కన్నుకీ కన్నుకీ తేడా ఉండదు, ముడి జారదు. పైగా తనకి యజమాని లేడని ఆవిడకి మహా గొప్ప. "ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడే ఖర్మ నాకేం?" అనేది. మొగుడు ముత్యాలరావు నవ్వేవాడు.

"నీకు జ్వరమొస్తే నీ వ్యాపారం కూడా ముసుగుతన్ని పడుకుంటుంది గదే! నీ చేతుల్ని మించిన కఠినమైన యజమాని ఏలూరంతా వెతికినా దొరకడు."

సూరమ్మ మూతి తిప్పుకునేది. అతనన్నదాంట్లో అబద్ధమేమీ లేదు మరి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, వేసవి చివర, తాడేపల్లిగూడెం నుంచి కూతురు సావిత్రి కబురు పెట్టింది. రెండో కాన్పు. అత్తగారు పోయారు, ఇంట్లో మరో ఆడదిక్కు లేదు. భయంగా ఉంది, అమ్మ రావాలని. సరిగ్గా అవి వానలకి ముందు, లంకంతా వలల కోసం సూరమ్మ గుమ్మంలో కూర్చునే రోజులు. కదిలితే ఇక్కడ పని ఆగిపోతుంది, కదలకపోతే అక్కడ పిల్ల ఒంటరిదైపోతుంది. సూరమ్మకి అన్నం సయించలేదు.

చివరికి పక్కింటి దుర్గమ్మనీ, మరో ఇద్దరినీ పిలిచి నూలు చేతికిచ్చి, "రెండు వేళ్ళ కన్ను వెయ్యండి" అని చెప్పింది. తను ఎప్పుడూ రెండు వేళ్ళ మీద నూలు తిప్పి కన్ను వేస్తుంది. వాళ్ళూ బుద్ధిగా ఎవరి వేళ్ళ మీద వాళ్ళు అల్లారు. దుర్గమ్మవేమో అరటికాయల్లాంటి వేళ్ళు. మూడో పిల్లవి మరీ సన్నం. ముక్కలన్నీ కలిపి కుట్టిన వలని చేపలు పట్టే సోమరాజు కొల్లేట్లో వేసి చూసి, తెచ్చి గుమ్మంలో పడేశాడు.

"వదినా, ఈ చివర చేపలన్నీ బయటికి పోతున్నాయి, ఆ చివర చీపురుపుల్ల కూడా దూరట్లేదు. ఇది నీ వలేనా?"

సూరమ్మకి తల తీసేసినట్టయింది. ఆ ఉక్రోషంలో దుర్గమ్మని నాలుగు మాటలంది. దుర్గమ్మ మాత్రం ఊరుకుంటుందా!

"రెండు వేళ్ళంటే మా వేళ్ళనుకున్నాం అక్కా. నీ వేళ్ళు కోసి మాకిచ్చి వెళ్తావా ఏంటి?"

ఆ మాట సూరమ్మకి గట్టిగానే తగిలింది. కాసేపటికి వెదురు బద్ద తీసి, తన రెండు వేళ్ళ పక్కన పెట్టి, సరిగ్గా అంత వెడల్పుకి చెక్కింది. అలాంటివే మరో రెండు చేసి, "ఇక వీటి మీద అల్లండమ్మా" అని ఇచ్చింది. ఇస్తుంటే దిగులేసింది. ఇన్నేళ్ళూ తన ఒక్కదానిదే అనుకున్నది నలుగురి పాలైపోతోంది. అయినా మర్నాడే పడవెక్కింది.

కాన్పు కష్టమే అయింది. నొప్పులు పడుతున్నంతసేపూ సావిత్రి తల్లి చెయ్యి వదల్లేదు. ఆడపిల్ల పుట్టింది. బాలింతకి పథ్యం వండుతున్నా, పిల్లకి నీళ్ళు పోస్తున్నా సూరమ్మ మనసు లంక చుట్టూనే తిరిగేది. పురుడయ్యాక ముత్యాలరావు మనవరాల్ని చూడ్డానికొచ్చాడు. కాళ్ళు కడుక్కోనివ్వకుండానే అడిగింది.

"వలలేమయ్యాయి?"

"ఒక్కటీ మిగల్లేదు. 'సూరమ్మ చెయ్యి సూరమ్మ చెయ్యే' అంటూ సోమరాజు రెండు పట్టుకెళ్ళాడు."

"నేను అల్లలేదని చెప్పలేదా?"

"చెప్పాను. నమ్మితేగా!"

"మరి నన్నెవరూ అడగనే లేదా?"

"ఎందుకడగలేదూ? మనవరాలు అమ్మమ్మ పోలికేనా అని అందరూ అడిగారు."

సూరమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తను లేకపోయినా పని ఆగనందుకు సంతోషమేసింది, ఆగనందుకే బాధ కూడా వేసింది. మంచం మీంచి సావిత్రి బెరుగ్గా అడిగింది.

"అమ్మా, రేపు నాన్నతో వెళ్ళిపోతావా?"

సూరమ్మ పిల్లని ఒళ్ళో సర్దుకుంది.

"వెళ్ళి ఏం చెయ్యనే? అక్కడ నాతో ఎవరికీ పనిలేదట" అంది, ఏడుస్తూ నవ్వుతూ.