రెండు తాళాల షట్టరు

మా వీధి చివరి కిరాణా కొట్టాయన పొద్దున్నే షట్టరు ఎత్తే ముందు దాని పక్క పట్టాలకు గ్రీజు పూస్తాడు. నాగర్‌కర్నూలులో ఉన్న సమస్త వాసనలనూ, అంటే బస్టాండు మిర్చీల నూనెనూ, మిల్లు దగ్గరి పల్లిపొట్టునూ, మా ఆయన సాక్సులనూ దాటుకుని ఆ గ్రీజు వాసన మూడో అంతస్తులో ఉన్న నా ముక్కును వెతుక్కుంటూ వస్తుంది. వచ్చి, ముక్కు పట్టుకునే నన్ను ఇరవై ఏళ్లకు పైగా వెనక్కి, కోడేరు దగ్గరి మా ఊరికి, మా వాకిట్లోకి, పదకొండేళ్ల వయసులోకి ఈడ్చుకుపోతుంది.

ఆ వాకిట్లో ఒక కొట్టం ఉండేది. నాలుగు తుమ్మ గుంజలు, పైన బోద గడ్డి కప్పు, అంతే. గోడలు లేవు, తలుపు లేదు. అందులో రెండు ఎడ్లు, పద్నాలుగు కోళ్లు, తాత నులకమంచం, ఆరబోసిన ఆముదాలు, ఎండకు పారిపోయి వచ్చిన ఊళ్లోని సగం జనం, పీర్ల పండక్కి డప్పులు కొట్టి అలిసిపోయిన వాళ్లందరూ, వాళ్ల డప్పులూ పట్టేవి. ఇంకా జాగా మిగిలేది. నేనూ, చిన్నాయన కూతురు సరితా ఎద్దుల పొట్టల కింద కూర్చుని గచ్చకాయలు ఆడేవాళ్లం. ఎద్దు తోక ఊపితే కాయ ఎగిరి ఎటుపోయిందో తెలియక, దాన్నే మూడో ఆటగత్తెగా లెక్కేసుకునేవాళ్లం.

మా నాయినా చిన్నాయనా ఒకే వాకిట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని బతికినా, ఇంట్లోకి వచ్చిన ప్రతిదీ రెండు పాళ్లు కావాలన్నది మా వంశాచారం. బతుకమ్మకు చేసిన సత్తుముద్దలు బేసి సంఖ్యలో వస్తే ఆఖరి ముద్దను మా అమ్మ దారంతో కోసేది. ఉడకబెట్టిన పల్లికాయను ఒలిస్తే మూడు గింజలు రావడం మా ఇంట్లో ఒక ఆపద. ఒకసారి చిన్నాయన తెచ్చిన గొడుగును కూడా పంచుకోబోయారుగానీ, వాన ఆగిపోయి అది బతికిపోయింది.

అలాంటి ఇంటికి ఒక దసరా నాడు ట్రాక్టరు వచ్చింది. బంతిపూల దండలు ఎన్ని వేశారంటే నడిపేవాడికి దారి కనబడక మా పెరటి గోడను ఒకసారి పలకరించింది. ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ నలిగింది. ఊరు ఊరంతా వచ్చి ముట్టుకుని చూసింది. ఆ వారంలోనే ఎడ్లు సంతకు పోయాయి. అవి పోయిన పొద్దు తాత అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్దను కోళ్లకు వేసి లేచాడు.

ఇక మొదలైంది, దాన్ని ఎక్కడ పెట్టాలన్న చర్చ. దసరా నుంచి ఉగాది దాకా సాగింది. ఆ చర్చలో తాత కాల్చిన బీడీ ముక్కలు పోగేస్తే ఏ షెడ్డుకైనా పునాది నిండేది. నాయినకు ఇనుప స్తంభాల మీద రేకుల షెడ్డు కావాలి, అమరచింత పోయే దారిలో ఎవరిదో చూసొచ్చాడు. చిన్నాయనకు నాలుగు గోడల గది కావాలి, వనపర్తి దుకాణాలకు ఉన్నట్టు ముందర షట్టరు ఉండాలి. తాతకు ఉన్న కొట్టమే చాలు. అప్పటిదాకా ట్రాక్టరు మా అమ్మవీ, చిన్నమ్మవీ పాత చీరలు కప్పుకుని వాకిట్లో నిలబడి, దినమూ ఎండలో కొత్త పెళ్లికూతురిలా మెరిసేది.

"ఎడ్లకు ఎన్నడన్న తాళమేసిన్నారా నేను?" అనేవాడు తాత. "నాలుగు గుంజలు కొత్తయి పాతి, బోద కప్పుర్రి. గాలి తగలాలె దానికి."

"అది ఎద్దు కాదు నాయినా, ట్రాక్టరు," అనేవాడు మా నాయిన. ఈ సంగతి తాతకు తెలియదేమో అన్నట్టు ఆరు నెలలు చెబుతూనే ఉన్నాడు.

చివరికి మా వంశాచారమే గెలిచింది. గోడలు చిన్నాయనవి, పైన రేకులు నాయినవి. తాతకు ఏ పాలూ రాలేదు. పైగా ఆ జాగా కోసం కొట్టాన్ని పీకేశారు. గుంజలు పొయ్యిలోకీ, బోద పొరుగింటి దూడ కడుపులోకీ పోయాయి. షట్టరు బిగించడానికి కోడేరు నుంచి వెల్డింగు జహంగీర్ మామ వచ్చాడు. పట్టాలకు గ్రీజు పూసి పని ముగించి, రెండు తాళంచెవులు అరచేతిలో పెట్టుకుని నిలబడి, "షట్టరుకు అటొకటి ఇటొకటి తాళాలుంటయి అన్నా. రెండు తీస్తెనే లేస్తది," అన్నాడు. ఏ ఇంట్లోనైనా ఆ రెండు చెవులూ ఒకే మేకుకు వేలాడతాయి. మా ఇంట్లో పంపకానికి వచ్చినట్టే వచ్చాయి. కుడిది మా నాయిన తీసుకున్నాడు, ఎడమది చిన్నాయన. అంత న్యాయమైన షట్టరు పాలమూరు మొత్తంలో లేదని ఇద్దరూ మురిసిపోయారు. ఉగాది భక్షాలు తింటూ తాత ఒక్క మాట అన్నాడు, "ఒకడు ఊరికి పోతెనో?" ఎవరూ వినలేదు. భక్షాల్లో నెయ్యి ఎక్కువైంది.

ఆ ఎండాకాలమంతా రోజూ పొద్దున షట్టరుకు అటొకరు ఇటొకరు నిలబడి, జెండా పండుగలాగా ఒకేసారి తాళాలు తీసేవారు. చిన్నాయన అమరచింతకు పెళ్లికి పోయి మూడు రోజులు ఉంటే, ట్రాక్టరు కూడా మూడు రోజులు లోపలే ఉంది. ఎందుకంటే షట్టరు ఎడమ చెవి ఆయన మొలతాడుకు కట్టి ఉంది. దానికీ నవ్వుకున్నాం.

మిర్గం నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజున, వాన పడింది. కరువుకు అలవాటుపడ్డ ఊరు అది. సగం ఇళ్ల వాళ్లు కూలికి వలసపోయి ఉన్నారు, వాళ్ల తాళాల మీద కూడా పడింది. ఎన్నో ఏళ్లకు పదును కుదిరింది. చిన్నాయనది ఎర్ర చెల్క, రెండు రోజుల్లో ఆరిపోతుంది కాబట్టి ముందు తనది దున్నాలన్నాడు. మాది నల్లరేగడి, ఇంకా నాలుగు రోజులు ఆగినా పోయేది లేదు. అయినా పెద్దవాడి పొలమే ముందు దున్నాలన్నాడు మా నాయిన. తప్పు మా నాయినదే. ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది నాకు. చిన్నాయన ఎడమ చెవి ఇయ్యనన్నాడు, నాయిన కుడి చెవి ఇయ్యనన్నాడు, ట్రాక్టరు మధ్యలో ఉంది.

రెండో రోజు తాత చెల్కలోంచి పిడికెడు మన్ను తెచ్చి అరుగు మీద పెట్టి కూర్చున్నాడు. పొద్దెక్కినకొద్దీ అది ముద్ద నుంచి పొడిగా మారడం నేనూ సరితా చూస్తున్నాం. మాకు ఒకటే తోచింది. నాయిన స్నానానికి పోయినప్పుడు నేను అంగీ జేబులోంచి కుడి చెవి తీశాను; రోజూ మొలతాడుకు కట్టుకునేవాడు, ఎందుకో ఆ దినం కట్టుకోలేదు. సరిత జొన్నల కాగులో చేయి పెట్టి చిన్నాయన దాచిన ఎడమది తీసింది. మిట్ట మధ్యాహ్నం, రేకులు అట్లపెనంలా కాలుతుండగా, చెరో పక్క నిలబడి తాళాలు తీసి షట్టరు ఎత్తాం. అది చేసిన చప్పుడుకు ఎక్కడో దూరాన ఉన్న ఉప్పునుంతలలో కూడా మళ్లీ వాన వస్తుందని బట్టలు తీసుకుని ఉంటారు. ముందు తాత వచ్చాడు. బానెట్ మీద చేయి వేసి, ఎద్దు మూపురం నిమిరినట్టు నిమిరాడు. తర్వాత నాయినా చిన్నాయనా వచ్చారు.

"పిల్లతోని దొంగతనం చేపిస్తున్నవారా?" అన్నాడు మా నాయిన, సరితను చూసి.

"నీ బిడ్డ చేతిల ఉన్నదేంది మరి?" అన్నాడు చిన్నాయన.

తాత ఇద్దరి నడుమ నిలబడి, "పొద్దుగూకితె మన్ను ఆరుతది. తీయుర్రి రా," అన్నాడు. ఇద్దరూ షట్టరు కిందికి దించి, మా చేతుల్లోని చెవులు లాక్కుని ఎవరి తాళం వాళ్లు వేశారు. అదే వాళ్లు కలిసి చేసిన ఆఖరి పని.

వారంలో వాకిలికి అడ్డంగా గోడ లేచింది, సరిగ్గా షట్టరు నడుమ దాకా వచ్చి ఆగింది. సరితతో మాట్లాడితే కాళ్లు విరుగుతాయన్నారు నాకు. ఆమెకూ అదే చెప్పి ఉంటారు. తాత ఎవరివో ఎడ్లు అడుక్కొచ్చి దున్నిన నాలుగు సాళ్లలోనే ఆ ఏడు మాకు ఏదైనా మొలిచింది. మరుసటి ఎండాకాలం ఆయన కూడా లేడు. కొట్టం లేదు కాబట్టి ఆయన్ను గోడకు ఏ పక్క పడుకోబెట్టాలన్న దాని మీద కూడా కాసేపు మాటలు నడిచాయి.

నాయిన పోయాక ఆయన మొలతాడు నుంచి విప్పిన తాళంచెవిని అమ్మ నాకిచ్చింది. పోయిన ఎండాకాలం పాత ఇనుము కొనేవాడు వచ్చి, చెవులు ఎవరివని అడగకుండా షట్టరును మధ్యకు కోసి తీశాడు. ట్రాక్టరు సీట్లో ఎలుకలు మూడు తరాలు కాపురం చేసి పోయాయి. వేసినవి వేసినట్టే ఉన్న రెండు తాళాలను కూడా అదే కాటాలో పడేశాడు. ఆ దినం వనపర్తి నుంచి సరిత వచ్చింది. ఇద్దరి జుట్టుకూ రంగు ఉంది. "నీ తాళంచెవి ఉన్నదా అక్కా?" అంది. ఉందన్నాను. "నాది గూడ ఉన్నది," అంది. ఆపైన మాట్లాడుకోవడానికి ఏమీ దొరకలేదు. ఇరవై ఏళ్లు మాట్లాడనివాళ్లం, అలవాటు తప్పింది.

ఇప్పుడు కింద కొట్టాయన గ్రీజు డబ్బా పక్కన పెట్టాడు. కుడి తాళం తీశాడు, నాలుగడుగులు నడిచి ఎడమ తాళం తీశాడు. రెండు చెవులూ ఒకే గుత్తికి ఉన్నాయి.