పక్షుల్ని తోలే యిన్

తెల్లవారగానే కంచుపళ్లెం చంకన పెట్టుకుని యిన్ డెషాన్ పాత విమానాశ్రయానికి బయల్దేరేవాడు. యుద్ధవిమానాలు ఎగిరే రోజుల్లో, రన్‌వే మీద వాలే పక్షుల్ని తోలడానికి సైన్యం ఆయన్ని పనిలో పెట్టుకుంది. తర్వాత ప్రయాణికుల విమానాలు వచ్చినా ఆయన పని మారలేదు. చివరికి అవీ ఊరవతల కొత్తచోటికి తరలిపోయాయి. తోటివాళ్లూ వెళ్లిపోయారు, భార్య పోయింది. రన్‌వే పగుళ్లలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఆయన మాత్రం ఒక భుజం వాల్చి, పళ్లెం వాయిస్తూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాడు.

ఒకరోజు పొద్దున్నే పక్క అపార్టుమెంటు నుంచి మియావో అనే ఆవిడ పరుగున వచ్చింది. "పెద్దాయనా, రాత్రంతా మా పిల్లకి జ్వరం. ఇప్పుడే నిద్రపట్టింది. ఈ ఒక్కపూట ఆ మోత ఆపు. అయినా ఏ విమానం దిగుతుందని నీ తాపత్రయం?"

"ఆ సంగతి పక్షులకి తెలీదుగా," అన్నాడు గానీ, పళ్లెం కింద పెట్టేశాడు.

ఏం చేయాలో తోచక రన్‌వే మీదే చతికిలబడి, జేబులోంచి ఆవిరిరొట్టె తీశాడు. కాసేపటికి భరతపిట్టలు ఒక్కొక్కటే వచ్చి వాలాయి. ఇన్నేళ్లూ ఆయన చూసింది పారిపోయే రెక్కల్నే. వాటి తలమీద చిన్న పిలక ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

"చూశావా?" అంటూ పక్కకి తిరిగాడు. పక్కన ఎవరూ లేరు. రొట్టె తుంచి ముందుకు విసిరాడు.

ఎండెక్కాక మియావో కిటికీలోంచి కేకేసింది. "పెద్దాయనా, పిల్ల లేచింది. ఇక వాయించుకో!"

"అరవకమ్మా, తింటున్నాయి," అన్నాడాయన, ఆమెకి వినపడనంత మెల్లగా.