మనిషి వైరింగే తప్పన్నాను

నాలో ఒక మంచి గుణం ఉండాది. మన గురించి మనం చెప్పుకోకూడదు గానీ, చెప్పేవాళ్లెవరూ ఇంతవరకూ దొరకలేదు కాబట్టి నేనే చెప్తాను. కళ్లెదుట తప్పు కనపడితే నేను ఊరుకోను. ఎవరూ అడక్కపోయినా సరిచేసి పోతాను. హోటలు బోర్డు మీద బిరియానీకి దీర్ఘం లేకపోతే లోపలికి పోయి చెప్తాను. పెళ్లిలో షామియానా గుంజ వంకరగా ఉంటే విస్తరి ముందు నుంచి లేచిపోయి నిలబెట్టి వస్తాను. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది. నేను సేవ అంటాను. మొన్న ఆత్మకూరులో ఈ సేవ ఎంతదాకా పోయిందంటే, మనిషిని తయారుచేసినవాడి పనికే వంక పెట్టినాను!

నా పేరు మస్తాన్. ఉదయగిరి బస్టాండు పక్కన లారీలకూ ట్రాక్టర్లకూ వైరింగు చేస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, కాల్చుకుంటూ నేర్చుకున్నాను. మర్రిపాడు మీదుగా పోయే డ్రైవర్లు లైటు పోతే నా దగ్గరికే వస్తారు. ఎందుకంటే నా వైరింగు పాపిడి తీసి దువ్విన తల మాదిరి ఉంటుంది. ఎడమ తీగ ఎడమ పక్కే, కుడి తీగ కుడి పక్కే. ఒకదాని మీద ఇంకొకటి ఎక్కితే ఆ పూట నాకు అన్నం సయించదు.

మా అమ్మాయి రిజ్వానా ఆత్మకూరులో హాస్టల్లో ఉండి ఇంటరు బైపీసీ చదువుతుంది. వాళ్ల కాలేజీలో సైన్సు ప్రదర్శన పెట్టినారు. అందులో మెచ్చుకున్న మోడల్ని నెల్లూరుకు పంపిస్తారు. పోయిన సంవత్సరం ఈ పిల్ల అగ్నిపర్వతం చేస్తే, అది వానకు తడిసిన టపాసు మాదిరి ఉస్సుమని ఊరుకుందంట. క్లాసంతా నవ్వినారంట. అందుకని ఈసారి పంతం పట్టింది.

"నాయనా, ఈసారి నెల్లూరు పోవాల్సిందే. నవ్వినోళ్ల చేతనే చప్పట్లు కొట్టించాల."

"ఏం చేస్తావు తల్లీ?"

"మనిషి నరాలు. కాల్లో ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు మెదడుకు ఏ దారిన పోతుంది, కాలు ఎత్తమని మెదడు ఇచ్చే ఆర్డరు ఏ దారిన వస్తుంది, అంతా బల్బులతో చూపించాల. వైరింగు నీది."

వైరింగు నాది! ఆ ఒక్క మాటకు నా ఛాతీ లారీ బంపరంత అయింది.

మా ఆవిడ ఖాసింబీ చెక్క గరిటెలు చెక్కడంలో చెయ్యి తిరిగిన మనిషి. ప్లైవుడ్డులో నిలువెత్తు మనిషిని కోసిచ్చింది. ఆ మనిషికి నా ముక్కే ఎందుకొచ్చిందో అడిగితే, "చేతికి అలవాటైన వంకర అదేగా" అనింది.

రిజ్వానా కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది. ఒక్కో అరికాల్లో రెండు బటన్లు. తాకినట్టు తెలిసేదానికి ఒకటి, అది నొక్కితే మెదడులో పచ్చ బల్బు. నొప్పికి ఒకటి, దానికి ఎర్ర బల్బు. మెదడులో బటను నొక్కితే కాలు లేవాల. వీపు మధ్యలో, కుడి పక్కకు మాత్రం, తీగలన్నీ ఒకేసారి తెంచే స్విచ్చి. అదెందుకో చెప్పబోయింది గానీ, "నాకు తెలుసులేమ్మా, బస్సుకు టైమైంది" అని పంపించేసినాను.

పిల్ల అటు పోయినాక కాగితం తెరిచి చూద్దును గదా, నాకు నవ్వాగలేదు. కుడికాలి నుంచి బయల్దేరిన గీత తిన్నగా పోయి పోయి మెడ పైన ఎడమ పక్కకు దాటింది. ఎడమకాలిది కుడి పక్కకు. నొప్పి గీతలైతే మరీ ఘోరం, మెడ దాకా కూడా ఆగకుండా నడుం దగ్గరే అవతలికి దూకేసినాయి. మెదడు నుంచి దిగే గీతలదీ అదే వరస. అచ్చం తట్టలో పోసిన సేమ్యా!

"చూసినావా, నీ కూతురు తీగలెట్లా గీసిందో" అని ఖాసింబీకి చూపించినాను.

"ఫోను చేసి అడగరాదా?"

"అడిగితే చిన్నబుచ్చుకుంటుంది. నేనే సరిచేస్తా."

సరిచేసినాను. ఎడమది ఎడమకు, కుడిది కుడికి. తీగలన్నీ కట్ట కట్టి, టేపు చుట్టి, వెనకాల రేకు మూసినాను. కాళ్లు లేపడానికి లారీ వైపరు మోటార్లు రెండు బిగించినాను. బొమ్మకు అంత బలం అక్కర్లేదని ఖాసింబీ అనింది. నెల్లూరుకు పోవాలంటే ఆ మాత్రం ఊపు ఉండాలని నేను అన్నాను. రిజ్వానా ఫోన్లో, "కాగితంలో ఉన్నట్టే చేసినావు కదా నాయనా?" అని అడిగితే, "దానికన్నా బాగా చేసినాను" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు, నా లెక్కలో.

ప్రదర్శన రోజు ప్లైవుడ్డు మనిషిని చంకలో పెట్టుకుని, పనిముట్ల సంచి భుజానేసుకుని ఆత్మకూరు బస్సెక్కినాను. కండక్టరు మమ్మల్నిద్దర్నీ చూసి, "మీ అన్నకు కూడా టిక్కెట్టు కొట్టమంటావా?" అన్నాడు. ముక్కు పోలిక నిజమే అన్నమాట.

బ్యాటరీ ఆత్మకూరులో తెలిసినాయన షాపులో తీసుకుని హాలుకు చేరేసరికి, నెల్లూరు నుంచి వచ్చిన జువాలజీ మేడం మొదటి బల్ల దగ్గరే ఉండాది. "టెస్టు చేద్దాం నాయనా" అనింది రిజ్వానా. "మీ నాయన చేసిన పనికి టెస్టా!" అన్నాను. అంతలోనే మేడం రానే వచ్చింది.

రిజ్వానా గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "మేడం, కుడి పాదంలో ముల్లు గుచ్చుకుంటే ఎడమ మెదడుకు తెలుస్తుంది. చూడండి." బటను నొక్కింది. కుడి పక్క ఎర్ర బల్బు వెలిగింది.

మళ్లీ నొక్కింది. మళ్లీ కుడి పక్కే, ఇంకా బాగా వెలిగింది. నా బల్బులు అట్లాంటివి.

పిల్ల మొహం పాలిపోయింది. అయినా తగ్గలేదు. "కాలు చూపిస్తాను మేడం. కుడి మెదడు నొక్కితే ఎడమ కాలు లేస్తుంది. తగులుతుంది, మీరు ఇటుపక్క కుడికాలి దగ్గర నిలబడండి." పాపం మేడం నమ్మి అక్కడ నిలబడింది. రిజ్వానా కుడి మెదడు నొక్కింది. లేచింది కుడికాలే! వైపరు మోటారు ఊపుకు మేడం చేతిలోని హ్యాండుబ్యాగు ఎగిరిపోయి, పక్క బల్ల మీద వాననీటి సంరక్షణ మోడల్లో బుడుంగుమని మునిగింది.

ఇంకొకరైతే అక్కణ్ణుంచి జారుకునేవాళ్లు. నేనా? ఇదే సమయమని ముందుకొచ్చినాను.

"కాగితంలో తప్పు పడింది మేడం. తీగలు అడ్డదిడ్డంగా గీసి ఉంటే నేనే సరిచేసినాను."

"మీరెవరండీ?"

"పిల్ల నాయన్ని. ఇరవై ఊర్ల లారీలు నా చేతి మీదే నడుస్తాయి. లెఫ్టు ఇండికేటరు వేస్తే రైటు వెలిగితే వెనకొచ్చేవాడు ఏమైపోవాల, మీరే చెప్పండి!"

మేడం తడిసిన బ్యాగు పిండుకుంటూ నిదానంగా చెప్పింది. "లారీల సంగతి నాకు తెలీదు. మనిషికి మాత్రం తీగలు దాటే ఉంటాయి. కుడి చెయ్యీ కాలూ పడిపోతే సాధారణంగా దెబ్బ ఎడమ మెదడులోనే. ఎప్పుడూ వినలేదా?"

ఆ మాటతో నా నెత్తిన పిడుగు పడింది. మా చిన్నాయనకు కుడిపక్క పక్షవాతం వచ్చినప్పుడు డాక్టరు స్కానింగు ఫిల్ము చూపించి, మచ్చ ఎడమపక్క ఉండాదన్నాడు. "ఫిల్ము తిరగేసి పట్టుకున్నారు సార్" అని ఆయన చేతిలోంచి తీసుకుని, తిప్పి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చినాను. ఆయన నన్ను అంతసేపు ఎందుకట్లా చూసినాడో ఇప్పుడర్థమైంది.

"మిగతావి చూసి వస్తాను. అప్పటికి సరైతే చూస్తాను, లేకపోతే లేదు" అని మేడం ముందుకు కదిలింది.

రిజ్వానా ఏడుస్తుందేమోనని భయపడినాను. ఏడవలేదు. చున్నీ నడుముకు చుట్టి ముడేసింది. అచ్చం వాళ్లమ్మ ఉలి పట్టుకునే ముందు చేసినట్టే.

"నాయనా, రేకు ఇప్పు."

ఇప్పినాను. "భయపడొద్దమ్మా, మెడ దగ్గర అన్నీ అటువి ఇటు, ఇటువి అటు మార్చేస్తే అయిపాయె."

"పచ్చవీ, కాళ్లవీ అక్కడ మార్చు. నొప్పివి నడుం దగ్గరే దాటాల."

"ఎక్కడ దాటితే ఏందమ్మా, పైన బల్బు వెలగడమే కదా కావాల్సింది?"

"నాయనా." అంతే అనింది. ఆ పిలుపులో నా వయసు సగానికి తగ్గిపోయింది. నోరు మూసుకుని నడుం దగ్గర తీగలు కత్తిరించినాను.

తొందరలో కాలే సాల్డరింగు రాడ్డుకు చెయ్యి తగిలింది. చెయ్యి చటుక్కున వెనక్కొచ్చింది. ఆ తర్వాత "అమ్మో!" అని అరుపొచ్చింది. రిజ్వానా తల కూడా ఎత్తకుండా, "చూసినావా, చెయ్యి ముందొచ్చింది, అరుపు తర్వాతొచ్చింది. చెయ్యి లాక్కోమన్నది మెదడు కాదు, వెన్నుపాము. మెదడుకు తర్వాత కబురు పోతుంది" అనింది.

"మన ఇంట్లో మాదిరే. నిర్ణయం మీ అమ్మది, కబురు నాకు."

పిల్ల నవ్వింది. నా ప్రాణం లేచొచ్చింది. అయితే ఆ చెయ్యి లాక్కున్న విసురుకు రెండు తీగలు ముద్దుపెట్టుకున్నాయి. టప్పుమని మోటార్ల ఫ్యూజు పోయింది. నా షాపులో ఫ్యూజులు డబ్బాల కొద్దీ ఉంటాయి. సంచిలో ఒక్కటీ లేదు.

అప్పుడే మేడం తిరిగొచ్చింది. దూరంగానే నిలబడింది.

రిజ్వానా కుడి పాదం నొక్కింది, ఎడమ బల్బు. ఎడమ పాదం, కుడి బల్బు. మేడం తల ఊపింది. "బాగుంది. వెన్నుపాము కుడిసగం తెగితే?"

పిల్ల కళ్లు మెరిసినాయి. వీపు మధ్యలో స్విచ్చి నొక్కి కుడి పక్క తీగలు తెంపింది. కుడి పాదం తాకితే పచ్చ బల్బు వెలగలేదు. అదే పాదానికి నొప్పి బటను నొక్కితే ఎర్రది వెలిగింది! ఎడమ పాదానికి తాకితే తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు. "నొప్పి దారి కిందనే దాటిపోతుంది మేడం, తాకిడి దారి పైన దాటుతుంది. అందుకని ఏది తెలుస్తుంది, ఏది తెలియదు అని అడిగి, ఎక్కడ తెగిందో డాక్టరు బయటనుంచే చెప్పొచ్చు."

నేను నోరు తెరిచినాను. ఇది నేను దినమూ చేసే పనే కదా! ఏ లైటు వెలుగుతుంది, ఏది వెలగదు అని చూసి, బానెట్టు ఎత్తకుండానే ఫాల్టు పట్టడం. ఆ స్విచ్చి దానికా!

"మరి కాలు?" అనింది మేడం.

ఫ్యూజు లేని కాలు. నేను నేల చూపులు చూసినాను. రిజ్వానా ఒక్క క్షణం కూడా ఆగలేదు. "కాలు ఉండాది మేడం. నాయనా, ఆ బల్ల మీద కూర్చో."

కూర్చున్నాను. స్క్రూడ్రైవరు పిడితో మోకాలి చిప్ప కింద కొట్టింది. నా కాలు దానంతటదే ఎగిరింది. "ఇది వెన్నుపాము చేసిన పని. ఇప్పుడు మెదడు చేసేది చూడండి. నాయనా, ఎడమ కాలు ఎత్తు."

హాలంతా నన్నే చూస్తా ఉండాది. ఈసారి పిల్ల పరువు తియ్యకూడదని గట్టిగా అనుకున్నాను. ఎడమ కాలంటే ఆర్డరు కుడి మెదడు నుంచి రావాల, మెడ దగ్గర దాటాల, దాటినాక ఇటు... కాదు అటు... లెక్కంతా సరిచూసుకుని, నమ్మకంగా ఎత్తినాను.

కుడికాలు.

హాలు గొల్లుమనింది. పోయిన సంవత్సరం నవ్వినవాళ్లంతా కడుపులు పట్టుకుని నవ్వుతా ఉండారు. రిజ్వానా మాత్రం నవ్వకుండా, "మేడం, తీగలు బాగానే ఉండాయి. డ్రైవరే ఇంకా నేర్చుకుంటా ఉండాడు" అనింది. నవ్వు కాస్తా చప్పట్లయింది. మేడం తడి బ్యాగులోంచి తడి పెన్ను తీసి, అది రాయకపోతే పక్కవాళ్ల పెన్ను అడుక్కుని, రిజ్వానా పేరు పక్కన నెల్లూరు అని రాసింది. "మీ నాయన్ను కూడా తీసుకురామ్మా. మోడలుగా కూర్చోబెట్టు. చెయ్యి మాత్రం పెట్టనివ్వొద్దు."

నిన్న రిజ్వానా నెల్లూరు కోసం కాగితం మీద ఇంకో బొమ్మ గీసి పంపించింది. ఈసారి కళ్ల నుంచి పోయే తీగలు. చూసినాను. ఒక్కో కంటి నుంచి సగం తీగలు అవతలికి దాటినాయి, సగం దాటకుండా అదే పక్కకు పోయినాయి. దాటితే అన్నీ దాటాల, లేకపోతే ఏదీ దాటకూడదు, ఈ సగం సగం ఏంది? ఇది మాత్రం నిజంగానే తప్పు పడింది అనుకుంటూ లేచినాను. చూస్తే తీగలు కత్తిరించే కటింగ్ ప్లేయరు కనపడలేదు. ఖాసింబీ ముందే దాచిపెట్టి, ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

తీగలు ఎక్కడ దాటుతాయో నేర్చుకున్నాను. చెయ్యి ఎందుకు ముందొస్తుందో నేర్చుకున్నాను. ఫోను చేసి ఒక్క మాట అడగడం మాత్రం నాకింకా రాలేదు.