ములకలపల్లి మైక్ సెట్టు మీద జర్మనీ రికార్డులు

సోమవారం నా కుడి చెవికి ఆపరేషన్ ఉందనగా, శనివారం తెల్లవారి ఆరింటికే చంకలో రెండు రికార్డుల అట్టపెట్టెతో ఖమ్మం బస్టాండులో నిలబడ్డాను. చెవి లోపల గడ్డ పెరుగుతోందనీ, తీయక తప్పదనీ, తీస్తే ఆ చెవికి వినికిడి పోతుందనీ డాక్టరు గారు ముందే చెప్పేశారు. ఒక చెవితో కూడా అన్నీ వినపడతాయి, కాకపోతే ఏ చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియదంతే అన్నారు. ధైర్యం చెప్పడానికే అన్నారు, పాపం. నాకు మాత్రం బీరువా మీద నాలుగేళ్లుగా పడి ఉన్న ఆ అట్టపెట్టె గుర్తొచ్చింది.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. హైదరాబాదులో ఆదివారం పాత పుస్తకాలు అమ్మే ఫుట్‌పాత్ మీద మూడు వందలకు కొన్నాను. జర్మనీలో రకరకాల మనుషులు కరెంటు యంత్రాలతో చేసిన ప్రయోగాల సంగీతం, పద్నాలుగు ముక్కలు ఏరి కూర్చిన సంకలనం. నాకెందుకివి అంటారా? మా చర్చిలో కీబోర్డు వాయించేది నేనే. ఆరాధన అయి అందరూ వెళ్లాక, ఎవరూ నొక్కని చివరి నంబర్లు నొక్కి హెలికాప్టరు చప్పుడు మీద గాలి చప్పుడు, దాని మీద గంట వేసుకుని వినడం నాకు ఇష్టం. ఒకసారి పాస్టరు గారు విని, కీబోర్డు పాడైందనుకుని మెకానిక్కుకు ఫోన్ చేశారు. ఈ రికార్డుల్లోని రెండు ముక్కలు ఇంటర్నెట్టులో దొరికితే విన్నాను. నాలాంటి వాళ్లు ఇంకో దేశంలో కూడా ఉన్నారని తెలిసి ఆ రోజు కడుపు నిండినట్టయింది. మిగతావి ఎక్కడా దొరకలేదు. అన్నిటికన్నా చివరి ముక్క కోసమే నా తపన. అట్ట మీద ఇంగ్లీషులో దాని గురించి రాసి ఉంది: ఎడమ వైపు ఒక తట్టుడు, కుడి వైపు ఒక తట్టుడు, దూరదూరంగా మొదలై, మెల్లగా దగ్గరికి వచ్చి, ఆఖరికి వినేవాళ్ల నుదుటి దగ్గర కలుసుకుంటాయట. ఒక్క చెవితో వింటే రెండూ వినపడతాయి కానీ, కలుసుకున్న సంగతి తెలియదు.

ఖమ్మంలో మైక్ సెట్టుల వాళ్లందరికీ ఫోన్ చేశాను. రికార్డు ప్లేయర్లు పాత ఇనుముకు వేసి ఏళ్లయిందన్నారు. కారేపల్లిలో ఒకాయన దగ్గర ప్లేయరుంది, సూది లేదు. ఆయనే ములకలపల్లి యాకూబ్ భాయ్ నంబరిచ్చారు. ప్లేయరు నడుస్తుందా అని అడిగితే నడుస్తదన్నాడు. స్పీకర్లు రెండున్నాయా అని అడిగితే, "రెండేంది మేడం, పన్నెండున్నయ్" అన్నాడు. ఇంకేం కావాలి? ఆపరేషన్ ముందు విశ్రాంతి తీసుకోమని అక్క పోరుపెట్టింది కానీ, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఖమ్మం నుంచి కొత్తగూడేనికి ఎక్స్‌ప్రెస్ రెండు గంటలు పడుతుంది. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు. మగవాళ్లు నూట ముప్పై దాకా పెట్టుకోవాలి. కొత్తగూడెం బస్టాండు బయట బండి మీద ఇడ్లీ, కారప్పొడి, నలభై రూపాయలు. పెట్టెను పక్కన పెట్టమంటే కింద తడిగా ఉందనీ, తినేంతసేపు తానే పట్టుకుంటాననీ అన్నది బండి ఆమె. అన్నట్టే పట్టుకుంది. అక్కడి నుంచి పాల్వంచ అరగంట. పాల్వంచలో తొమ్మిదింబావుకు ములకలపల్లి బస్సు దొరికింది. ఊరు దాటాక కాసేపు జామాయిల్ తోటలు, తర్వాత టేకు, ఇప్ప, తునికి చెట్లు రోడ్డు మీదికి వంగి ఉంటాయి. ఆ ముప్పావు గంటా నేను కళ్లు మూసుకుని చప్పుళ్లు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో లెక్కపెట్టుకున్నాను. హారన్ ముందు, పసిపిల్ల ఏడుపు ఎడమ వెనక, కిటికీ అద్దం గడగడ కుడి పక్క. ఇంత పనిని నలభై నాలుగేళ్లుగా చెవులు నాకు చెప్పకుండానే చేసిపెట్టాయి.

యాకూబ్ భాయ్ షాపు బస్సు దిగిన చోటికి దగ్గరే, ఎరువుల కొట్టు పక్క సందులో. అరవై దాటిన సన్నటి మనిషి, చెవి మీద పెన్సిలు. వాళ్ల నాన్న కాలం నుంచీ పెళ్లిళ్లకీ సభలకీ సెట్టు కిరాయికిస్తున్నారు. రికార్డును అంచులతో పట్టుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి, ప్లేయరు మీద పెట్టి సూది దించాడు. మొదటి ముక్క సన్నటి హోరుతో మొదలైంది. అంతే, ఆయన ఎగిరి లేచాడు. ఎర్తింగ్ పోయిందన్నాడు. నేను నోరు తెరిచేలోపే బకెట్టు పట్టుకుని వెనక్కి వెళ్లి, ఎర్త్ గుంతలో రెండు బకెట్ల నీళ్లు, గుప్పెడు ఉప్పు పోసి వచ్చాడు. హోరు తగ్గలేదు సరికదా పెరిగింది. అది రికార్డులోనే ఉందని చెప్పాను. నమ్మక సూది ఎత్తాడు, ఆగింది. దించాడు, మొదలైంది. మూడుసార్లు అలా చేసి నా వైపు తిరిగాడు.

"ముప్పై ఐదేండ్ల సంది ఈ సప్పుడు తీసేయనీకే సస్తున్న మేడం. దీన్ని పట్టి రికార్డు చేసిన్రా?"

నాకు నవ్వాగలేదు. ఆ నవ్వు రెండో ముక్కతో ఆరిపోయింది. అందులో చప్పుడు ఎడమ నుంచి కుడికి రైలులా దాటిపోవాలి. ఫోన్లో విన్నది, నాకు తెలుసు. రెండు బాక్సుల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటే రైలు కదలడమే లేదు, నడిమధ్యలో నిలబడి మోగుతోంది. ఒక బాక్సు దగ్గర చెవి పెట్టాను, రెండోదాని దగ్గర పెట్టాను. రెంటిలో ఒకటే. పన్నెండు స్పీకర్లున్నా పన్నెండింటిలో వచ్చేది ఒకే చప్పుడని అప్పటికి అర్థమైంది. ఫోన్లో ఆ ప్రశ్న అడగని నా తెలివికి నాకే కోపమొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

యాకూబ్ భాయ్ ప్లేయరు తిప్పి చూపించాడు. సూది ఉండే ముక్క నుంచి వెంట్రుకంత తీగలు వస్తాయి, ఎడమవి రెండు, కుడివి రెండు. ఎడమనూ కుడినీ కలిపి ఒక ముడిగా సోల్డరింగ్ చేసి ఉంది. అది వాళ్ల నాన్న వేసిన ముడి. అడవి లోపలి ఊళ్లో ఒక పెళ్లికి కొత్త రకం రికార్డు తీసుకెళ్లి, ఒక బాక్సు పిల్ల వాళ్ల వైపు, ఒకటి పిలగాడి వాళ్ల వైపు పెట్టాడట. గొంతంతా ఒక వైపు, డోలక్ అంతా ఒక వైపు వచ్చాయి. గొంతు వాళ్లకిచ్చి మాకు దరువే ఇస్తావా అని పిలగాడి వాళ్లు పందిట్లోంచి లేచిపోబోయారు. కాళ్లు పట్టుకున్నంత పని చేసి వాళ్లను కూర్చోబెట్టి, ఇంటికొచ్చి ఆ ముడి వేశాడు. ఎవ్వరికీ సగం పాట పోవద్దని ఒట్టు పెట్టుకున్నాడట. ఆయన పోయి పదకొండేళ్లు. ముడిని ఎవరూ ముట్టుకోలేదు.

ఇంక తిరిగి వెళ్లడమే మర్యాద. కానీ అలా వెళ్లలేకపోయాను. సోమవారం సంగతి చెప్పాను. ఆయన ముడి వైపు చూసి, "ఏ చెవి?" అన్నాడు. కుడి అన్నాను. లేచి సోల్డరింగ్ గన్ ప్లగ్గులో పెట్టాడు.

"చెల్లె, రెండు దిక్కులకు రెండు ఆంప్లిఫైయర్లు గావాలె. రెండోది మూడు గంటలకు ఓణీల ఫంక్షన్‌కి పోవాలె, బండొస్తది. గంతల్నే అయిపోవాలె."

మేడం చెల్లె అయిందని నేను గమనించే పరిస్థితిలో లేను. పదకొండున్నర దాటింది. నాలుగు వైపులు, వైపుకు ఇరవై నిమిషాలు. ముడి విప్పడమే కష్టమైంది; పాత సీసం కరిగేసరికి ఒక తీగ తెగింది. టార్చి నేను పట్టుకుంటే, తెగినచోట ఇంకో తీగ అతికించాడు. రెండోసారీ తెగింది. మూడోసారి ఊపిరి బిగబట్టుకుని అతికించాడు. పన్నెండు ముప్పావుకు ఆయన భార్య జైతూన్ బీ లోపలి నుంచి వచ్చి, బువ్వ తినకుండా ఏది విన్నా తలకెక్కదని ఇద్దరినీ లేపింది. బగారా అన్నం, పప్పుచారు, వేయించిన ఎండుచేపలు. డబ్బులిస్తానంటే పళ్లెం వెనక్కి లాక్కున్నంత పని చేసింది.

ఒకటిన్నర దాటాక సూది దిగింది. రైలు ముక్క రాగానే చప్పుడు ఎడమ బాక్సులో పుట్టి, నా ముఖం ముందు నుంచి నడిచి, కుడి చెవి పక్కగా వెళ్లిపోయింది. నాకంటే ముందు యాకూబ్ భాయ్ మెడ తిరిగింది, షట్టరు వైపు. తర్వాతి ముక్కలు వరసగా వచ్చాయి. రేకులు గీసినట్టు ఒకటి, నీటి చుక్కను సాగదీసినట్టు ఒకటి, ఎవరిదో గొంతును ముక్కలు చేసి అంకెలు చదివించినట్టు ఒకటి. కొన్ని నిజంగానే విసుగ్గా ఉన్నాయి. అబద్ధం చెప్పను, ఒకటైతే రైసుమిల్లులో బెల్టు జారిన చప్పుడే, ఏడు నిమిషాలు. అయినా ఒక్క నిమిషం కూడా దాటేయలేదు. ఆ వేళ నా కుడి చెవికి విసుగు కూడా కావాలనిపించింది.

మూడో వైపు ఐపోతుండగా మూడింటికి రావాల్సిన బండి ఇరవై నిమిషాల ముందే వచ్చింది. డ్రైవరు సోమయ్య లోపలికి వచ్చి ఆంప్లిఫైయరు తీగల మీద చెయ్యి వేశాడు. ఫంక్షన్ వాళ్లు జల్దీ రమ్మంటున్నారని, డాన్సు పిల్లలు అప్పుడే దిగారని చెప్పాడు. నేను లేచి ఆంప్లిఫైయరుకు అడ్డంగా నిలబడ్డాను. సిగ్గుపడే వయసూ కాదు, సమయమూ కాదు. ఇరవై నిమిషాలు ఇమ్మన్నాను. యాకూబ్ భాయ్ అతనికి స్టూలు జరిపి, నా చెవి సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. సోమయ్య ఫోన్ తీసి, టైరు చూపించుకుంటున్నానని ఫంక్షన్ వాళ్లకు చెప్పి కూర్చున్నాడు. ఈ కథలో అబద్ధమాడింది ఆయనొక్కడే, దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి.

చివరి ముక్క మొదట్లో ఏమీ లేదు. ఎక్కడో ఎడమన, బాగా దూరంగా, ఒక తట్టుడు. చాలాసేపటికి కుడిన ఒకటి. ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు, ఇది తడితే అది ఆగడం, అది తడితే ఇది ఆగడం. మెల్లగా దగ్గరయ్యాయి. నేను రెండు మోకాళ్లూ పట్టుకుని కూర్చున్నాను. భుజాల దగ్గరికి వచ్చాయి, చెంపల దగ్గరికి వచ్చాయి. చివరికి నుదుటి మధ్య ఒక్క తట్టుడు, రెండూ కలిసి, ఒకే ఒక్కసారి. తర్వాత సూది గీసుకునే చప్పుడు మాత్రమే. నేను ఏడ్చాను. నా కుడి చెవికి అంతకన్నా మంచి వీడ్కోలు ఎవరివ్వగలరు?

సోమయ్య ఆంప్లిఫైయరు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. యాకూబ్ భాయ్ రికార్డును అట్టలో పెట్టి ఇస్తూ ఒక్క మాటే అన్నాడు. "ఇది పాట గాదు చెల్లె. గని ఊకె సప్పుడు గూడ గాదు." ఆ సంకలనం మీద ఇంతకన్నా మంచి సమీక్ష నేను రాయలేను. కిరాయి మూడు వందలు తీసుకున్నాడు, ప్లేయరుకు కాదట, పోసిన ఉప్పుకట. సాయంత్రం బస్సులో పాల్వంచ, అక్కడి నుంచి కొత్తగూడెం మీదుగా రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికి చేరాను. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించాను. సోమవారం ఆపరేషన్ థియేటరులోకి వెళ్లాను.

డాక్టరు గారు చెప్పినట్టే అయింది. గడ్డ పోయింది, కుడి చెవీ పోయింది. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే చుట్టూ తిరిగి చూస్తాను. అక్క నవ్వి, తర్వాత ముఖం తిప్పుకుంటుంది. పాటలు వినాలంటే కోపం వచ్చేది, ఇయర్‌ఫోన్లలో సగమే అందేది, మిగతా సగం చచ్చిన చెవి దగ్గర పడిపోయేది. ఆరు వారాలకు బస్సు పార్సిలులో ఒక పొట్లం వచ్చింది. లోపల ఒక వైరు, దానికి ఒకే ఒక్క ఇయర్‌ఫోన్, ఎడమ చెవికి. మధ్యలో నల్ల టేపు చుట్టిన లావుపాటి ముడి. ఏమిటని ఫోన్ చేస్తే యాకూబ్ భాయ్ చెప్పాడు. "అబ్బాజాన్ ముడే చెల్లె. రెండు దిక్కులు కలిపిన. నీకు సగం పాట పోవద్దు." ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ ముడిని వేళ్లతో తడుముతూ కూర్చున్నాను. నా కోసం విప్పినదాన్నే మళ్లీ నా కోసం వేశాడు. రైలు ఇప్పుడు కదలదు, నిజమే. కానీ పెట్టెలన్నీ ఉన్నాయి, ఒక్కటీ తప్పిపోలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. మీకూ నాలాగా ఒక చెవి పనిచేయకపోతే, బస్సులో ఆ చెవి కిటికీ వైపు ఉండేలా కూర్చోండి. మంచి చెవి కండక్టరు వైపు ఉంటే దిగాల్సిన ఊరు దాటిపోరు. మొన్న శనివారం ఆ వైరు జేబులో వేసుకుని నేను ములకలపల్లి వెళ్లింది అలాగే, కుడి వైపు కిటికీ పక్కన.