భీమమ్మ ఒంటిపొయ్యి

ఉగాదికి కర్ణాటక భక్తులు శ్రీశైలానికి కాలినడకన పోయే దారిలో, ఆత్మకూరు దాటాక, ఏటా రొట్టెల పందిరి వేస్తారు. పదకొండేళ్లుగా ఆ పందిరికి పెద్ద భీమమ్మ. పెద్దరికమంటే ఆమె దృష్టిలో ఒకటే: తనకు తప్ప ఇంకెవరికీ ఏ పనీ చేతకాదని నమ్మడం.

అయిదు పొయ్యిలు పెట్టినా వెలిగేది ఒక్కటే. మిగతా ఆడవాళ్లు పిండి జల్లించాలి, నీళ్లు మోయాలి, ఆమె చేత తిట్లు తినాలి. ఆ ఏడు కొత్తగా వచ్చిన శివజ్యోతి ఉత్సాహం కొద్దీ ఒక రొట్టె తట్టింది.

"ఇది రొట్టెనా, దేశపటమా?" అంది భీమమ్మ.

పర్వీన్ రెండో పొయ్యి ముందు కూర్చోబోతే, "ఏమ్మే, రొట్టె తడతావా, జోకొడతావా?" అంది. పర్వీన్ జొన్నరొట్టెలు అమ్మి ముగ్గురు బిడ్డల్ని సాకిన మనిషి. బిందె ఎత్తుకుని నీళ్లకు పోయింది.

మధ్యాహ్నం రెండు వందల మంది ఒక్కసారే దిగారు. కాళ్ల నిండా బొబ్బలు, వాటికి గుడ్డపేలికలు. చీకటి పడేలోగా అడవిలోని మజిలీ చేరాలి. ఒక్క పెనం మీద ఎన్ని కాలుతాయి? గంటసేపు ఎదురుచూసి, నలభై మంది మంచినీళ్లు తాగి లేచి వెళ్లిపోయారు.

"పోనీండి. ఓపిక లేనోళ్లకు మొక్కులెందుకు?" అని ఈసడించింది భీమమ్మ. నాలుగు రోజులుగా ఎండలో నడుస్తున్న వాళ్లను అంత మాట అనడానికి ఆమెకు నోరెలా వచ్చిందో.

అప్పుడొక ముసలి భక్తురాలు కుంటుకుంటూ వచ్చి, పక్క పొయ్యి ముందు చతికిలబడి పిండిముద్ద అందుకుంది. నడక మొక్కిన మనిషి చేత పని చేయించుకోవడం ఆ దారిలో మహాపాపం. భీమమ్మ మొహం మాడిపోయింది. సిగ్గుతో చచ్చిపోతూ లేచి, ఆ ముసలమ్మ చేతిలోని పిండి తీసుకుంది.

"పర్వీనూ, ఎవరు యాడ కూర్చోవాల్నో నువ్వు చెప్పమ్మా" అంది.

అరగంటలో అయిదు పొయ్యిలూ మండాయి, ఉన్నవాళ్ల కడుపులు నిండాయి. భీమమ్మ రొట్టెల గంపతో, పందిరికి సరుకులు తెచ్చే అక్రమ్ ఆటో ఎక్కి, వెళ్లిపోయిన వాళ్ల వెంటపడింది. అడవి మొదట్లో దొరికారు. ఒకాయన రొట్టెను కళ్లకద్దుకుని, "తాయీ, అమ్మా" అంటూ ఆమె కాళ్లకు మొక్కబోయాడు. ఆమె గభాలున వెనక్కి జరిగింది.

"నాకు మొక్కొద్దు నాయనా. ఇవి పర్వీన్, శివజ్యోతి చేసినేటివి. నేనొక్కదాన్నే అయితే మీకీ పొద్దు పస్తే."